కారు ఎక్కే చెక్క వాలు

ఒక కారు బరువు ఎంత ఉంటుందో మీకు తెలుసా? చిన్న కారయినా ఆరేడు వందల కిలోలు ఉంటుంది. కాస్త పెద్దదయితే వెయ్యి కిలోలు దాటుతుంది. అంటే ఇరవై బియ్యం బస్తాలు! మరి ఇంత బరువును నేల మీద నుంచి జానెడు ఎత్తు లేపి, అక్కడ నిలబెట్టి, కిందికి దూరి ఇంజను ఆయిల్ మార్చాలంటే ఏం చేయాలి? క్రేను తెప్పించాలా? పదిమందిని పిలవాలా?

అక్కర్లేదు. రెండు చెక్క వాలులు చాలు. వాటిలో తిరిగే భాగం ఒక్కటీ లేదు. చక్రం లేదు, గొలుసు లేదు, కరెంటు లేదు. అయినా అవి యంత్రాలే! మనిషి కనిపెట్టిన అతి పాత యంత్రాల్లో ఒకటయిన 'వాలు తలం' అది.

తుంగతుర్తి నుంచి సూర్యాపేటకు వెళ్లి, అక్కడ హైదరాబాదు-విజయవాడ రహదారి వెంట కోదాడ వైపు సాగండి. ఇలాంటి రహదారుల పక్కన వాటర్ సర్వీసింగ్ షెడ్లు కనిపిస్తాయి. రెండు సిమెంటు దిమ్మెలు ఏటవాలుగా పైకి లేచి ఉంటాయి. కార్లు, ట్రాక్టర్లు వాటి మీదికి ఎక్కి నిలబడితే, కింద నుంచి నీళ్లు కొట్టి మట్టి కడుగుతారు. ఆ దిమ్మెలకు చిన్న తమ్ముళ్లే మనం చెప్పుకుంటున్న చెక్క వాలులు. సొంత కారు పనిని ఇంటి దగ్గరే చూసుకునేవాళ్లు వీటిని వడ్రంగి చేత చేయించుకుంటారు, లేదా తామే చేసుకుంటారు.

చూడటానికి ఇంత తేలికయిన ఈ వస్తువు వెనక ఉన్న సైన్సు మాత్రం తేలికగా తీసుకునేది కాదు. ఎందుకంటారా? ఆ కారు కింద పడుకునేది ఒక మనిషి!

తగ్గేది బలం, పని కాదు

ఒక లెక్క వేద్దాం. వెయ్యి కిలోల కారు. ఇంజను ముందుంటుంది కనుక ముందు చక్రాల మీద బరువు ఎక్కువ. అది సుమారు 600 కిలోలు అనుకుందాం. ముందు చక్రాలను 20 సెంటీమీటర్లు ఎత్తాలి. వెనక చక్రాలు నేల మీదే ఉంటాయి.

నిట్టనిలువుగా ఎత్తాలంటే 600 కిలోల బలం కావాలి. అదే ఒక మీటరు పొడవున్న వాలు మీదుగా నడిపిస్తే? పొడవు 100 సెంటీమీటర్లు, ఎత్తు 20 సెంటీమీటర్లు. అంటే పొడవు ఎత్తుకు అయిదింతలు. కాబట్టి కావలసిన బలం అయిదో వంతే, అంటే 120 కిలోలు. (ఘర్షణ వల్ల నిజానికి ఇంకొంచెం ఎక్కువే కావాలి.)

మిగిలిన 480 కిలోలు ఏమయ్యాయి? ప్రకృతి మనకు ఊరికే ఇచ్చిందా? లేదు. 600 కిలోలను 20 సెంటీమీటర్లతో గుణించండి. 120 కిలోలను 100 సెంటీమీటర్లతో గుణించండి. రెండూ 12,000. బలం తగ్గింది, దూరం పెరిగింది. చేసిన పని మాత్రం అంతే. వాలు తలం చేసే బేరం ఇదే. బలంలో మనకు లాభం వస్తుంది, ఆ లాభానికి సరిపడా దూరంలో చెల్లించాలి.

ఈ బేరం మనవాళ్లకు కొత్త కాదు. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరు. బస్తాలు ఎత్తే చోట లారీకి ఒక పలక ఆనించి, హమాలీలు బస్తా మోస్తూ దాని మీద నడిచి పైకి ఎక్కడం మీరు చూసే ఉంటారు. ఆ పలక వాలు తలమే. మిర్యాలగూడ పొలాలకు నీళ్లిచ్చే నాగార్జునసాగర్ ఆనకట్టనే తీసుకోండి. 1955 డిసెంబరు 10న దానికి శంకుస్థాపన జరిగింది. పునాది అడుగు నుంచి 124 మీటర్ల ఎత్తున్న రాతి కట్టడం అది. వేలాది కార్మికులు రాళ్లు మోస్తూ పరంజాల మీది ఏటవాలు దారుల్లో పైకి నడిచారు. తిరుమల కొండకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు కూడా మెలికలు తిప్పి కొండకు చుట్టిన ఒక పొడవాటి వాలే!

ఇంకా వెనక్కి పోదామా? ఈజిప్టులో హత్‌నుబ్ అనే చోట పురాతన రాతి గని ఒకటుంది. సుమారు 4,500 ఏళ్ల కిందట బండరాళ్లు లాగిన వాలు దారి అక్కడ బయటపడిందని 2018లో పురాతత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ దారి ఏటవాలు 20 శాతానికి పైనే. మన కారు చెక్క వాలు ఎంత? వందకు ఇరవై. అదీ 20 శాతమే!

పద్నాలుగు గుండ్ల దండ

వాలు తలాన్ని మనుషులు వేల ఏళ్లు వాడారు కానీ, బలం సరిగ్గా ఎంత తగ్గుతుందో చాలాకాలం ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. 1586లో సైమన్ స్టెవిన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ఊహతో దీన్ని విప్పాడు.

ఒక త్రికోణపు దిమ్మెను ఊహించండి. దాని ఒక వాలు రెండో వాలుకు రెట్టింపు పొడవు. దాని మీద సమాన బరువున్న 14 గుండ్లు గుచ్చిన దండ వేశాం. పొడవు వాలు మీద నాలుగు గుండ్లు, పొట్టి వాలు మీద రెండు, కింద వేలాడుతూ ఎనిమిది. ఈ దండ తనంతట తాను తిరుగుతుందా?

తిరిగిందనుకోండి. ఒక గుండు దిగగానే ఇంకో గుండు దాని చోటికి వస్తుంది. అమరిక మళ్లీ మొదటిలాగే ఉంటుంది. ఇక దండ ఎప్పటికీ ఆగకూడదు! అలాంటిది లోకంలో జరగదు. కాబట్టి దండ కదలదు. కింద వేలాడే ఎనిమిది గుండ్లు రెండు వైపులా సమానంగా లాగుతాయి కనుక వాటిని తీసేసినా తేడా రాదు. మిగిలిందేమిటి? పొడవు వాలు మీది నాలుగు గుండ్లను పొట్టి వాలు మీది రెండు గుండ్లు సరిగ్గా ఆపుతున్నాయి. అంటే వాలు రెట్టింపు పొడవయితే బలం సగం చాలు. చూశారా, ఒక్క కొలత కూడా కొలవకుండా ఎంత గొప్ప సూత్రం దొరికిందో!

తరవాత గెలీలియో సుమారు ఏడు మీటర్ల పొడవున్న చెక్క దూలానికి గాడి తొలిచి, ఒక చివర కాస్త ఎత్తి, దానిలో కంచు గుండును దొర్లించి చలన సూత్రాలు వెదికాడు. ఆ వివరాలు 1638లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉన్నాయి. భౌతికశాస్త్రం నడక నేర్చింది చెక్క వాలు మీదేనని చెప్పినా తప్పులేదు.

మెట్టు మంచిదా, వాలు మంచిదా?

ఇప్పుడు మన చెక్కల దగ్గరికి వద్దాం. వీటిని ఎక్కువగా ఇలా చేస్తారు. 4 సెంటీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలకలు అయిదు తీసుకుంటారు. పొడవులు 135, 115, 95, 75, 55 సెంటీమీటర్లు. పెద్దది కింద, చిన్నది పైన పేర్చి, ఒక చివర అన్నిటినీ సమంగా కలిపి బోల్టులతో బిగిస్తారు. ఒక పక్క మెట్లు మెట్లుగా ఉన్న దిమ్మె తయారవుతుంది. పైన 55 సెంటీమీటర్ల చదును చోటు చక్రం నిలబడటానికి. దాని చివర ఒక అడ్డు కర్ర, చక్రం అవతలికి దిగిపోకుండా.

ఇక్కడ ఒక చిక్కుంది. చక్రానికి మెట్టు ఎక్కడం, వాలు ఎక్కడం ఒకటి కావు. కారు చక్రం వ్యాసార్ధం 28 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో చక్రం మీద 300 కిలోల బరువు. నున్నటి వాలు మీద ఒక్కో చక్రానికి 60 కిలోల బలం చాలునని పైన చూశాం. అదే 4 సెంటీమీటర్ల నిలువు మెట్టు ఎదురయితే? లెక్క కడితే సుమారు 180 కిలోలు అవుతుంది. అంటే మూడింతలు! రబ్బరు టైరు కొంచెం నొక్కుకుని మెట్టు దెబ్బను కాస్త తగ్గిస్తుంది కానీ, తేడా మాత్రం పెద్దదే.

దీనివల్ల ఏమవుతుంది? చక్రం మెట్టు ఎక్కడానికి బదులు మెట్టునే ముందుకు తోస్తుంది. చెక్క జారిపోతుంది. డ్రైవరు విసుగొచ్చి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు. కారు ఒక్క ఉదుటున ఎగిరి పైకి ఎక్కి, అడ్డు కర్ర కూడా దాటి అవతల పడవచ్చు. అందుకే తెలిసిన వడ్రంగి ప్రతి పలక అంచును ఏటవాలుగా చెక్కి, మెట్లను వాలుగా మారుస్తాడు. అతను సమీకరణం రాయకపోవచ్చు. అతని బాడిస చేసేది మాత్రం ఆ లెక్కనే.

ఎడ్లబండి చక్రం అంత పెద్దదిగా ఎందుకు ఉంటుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. అయిదడుగుల చక్రం అదే 4 సెంటీమీటర్ల మెట్టు ఎక్కాలంటే, దాని మీది బరువులో మూడో వంతు బలం చాలు. కారు చక్రానికి బరువులో అయిదింట మూడు వంతులు కావాలి. రాళ్లూ గుంతలూ ఉన్న బాటల్లో ఎద్దులకు పెద్ద చక్రం ఎంత మేలు చేసిందో చూడండి!

బరువు ఎటు పోతుంది?

కారు పైకెక్కి నిలబడింది. ఇప్పుడు బలం లెక్క ముగిసింది, బరువు లెక్క మొదలయింది. గుర్తుంచుకోండి: ఎక్కేటప్పుడు వాలు బలాన్ని తగ్గించింది కానీ, కారు బరువును ఒక్క గ్రాము కూడా తగ్గించలేదు. ముందు చక్రాల మీది 600 కిలోలూ ఇప్పుడు ఆ రెండు చెక్కల మీద ఉన్నాయి.

చెక్క నలిగిపోదా? టైరులో గాలి 30 పౌండ్లు కొట్టించామని అంటాం కదా. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోల పీడనం. టైరు కింద ఆనే చోట కూడా పీడనం రమారమి అంతే. 300 కిలోలను 2.1తో భాగిస్తే సుమారు 140 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో చక్రం మీ అరచేయి కంటే కొంచెం పెద్ద చోటు మీద నిలబడి ఉందన్నమాట! చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలంటే గట్టి చెక్కకు లెక్కే కాదు. టేకు గానీ, బండి చక్రాలకు వాడే తుమ్మ గానీ దీనికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది.

మరి ప్రమాదం ఎక్కడుంది? నలగడంలో కాదు. వంగడంలో, జారడంలో, ఒరగడంలో ఉంది.

వంగడం: లారీ పలక మీద హమాలీ నడుస్తుంటే అది నడుమ ఊగుతుంది, చూశారా? కింద ఆధారం లేని పలక వంగుతుంది. పైముఖం నొక్కుకుంటుంది, కిందిముఖం సాగుతుంది. సాగే వైపున ముడి గానీ బీట గానీ ఉంటే అక్కడే విరుగుతుంది. పలక మందం రెండింతలయితే దాని బలం నాలుగింతలవుతుంది, వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కానీ అన్నిటికంటే మంచి ఉపాయం ఏమిటంటే, పలక కింద ఖాళీయే లేకుండా చేయడం. ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల దిమ్మెలో వంగడానికి చోటు లేదు. బరువు సూటిగా నేలకు దిగిపోతుంది. చెద పట్టిన, పుచ్చిన, బీటలు వారిన చెక్క మాత్రం ఎంత మందం ఉన్నా పనికిరాదు.

జారడం: చెక్కకూ నేలకూ మధ్య ఘర్షణే దిమ్మెను కదలకుండా ఆపుతుంది. గరుకు సిమెంటు నేల మంచిది. నున్నటి నాపరాయి, టైల్సు, ఇసుక, ఆయిల్ మరకలు మంచివి కావు. పాత అంబాసిడర్ కారులో ఇంజను వెనక చక్రాలను తిప్పేది. అలాంటి కారులో ముందు చక్రాలు ఊరికే దొర్లుతూ దిమ్మెను ముందుకు తోస్తాయి. 1983లో వచ్చిన మారుతీ 800లోనూ, ఆ తరవాత వచ్చిన చాలా చిన్న కార్లలోనూ ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. అలాంటి కారును ఒక్కసారిగా ఉరికిస్తే గిర్రున తిరిగే చక్రం దిమ్మెను వెనక్కి విసిరేస్తుంది. ఏ కారయినా నిదానంగా ఎక్కించాలి. దారి చూపే మనిషి ఎదురుగా కాదు, పక్కకు నిలబడాలి.

ఒరగడం: దిమ్మె ఎత్తు 20 సెంటీమీటర్లు, వెడల్పు 25 సెంటీమీటర్లు. వెడల్పు ఎత్తు కంటే ఎక్కువ కనుక అది సులువుగా పక్కకు ఒరగదు. అదే పది సెంటీమీటర్ల వెడల్పున్న ఇటుకల దొంతరయితే కొద్దిపాటి తోపుకే కూలుతుంది. నేల కూడా ముఖ్యమే. వాన కురిసిన మట్టి నేల మీద ఒక దిమ్మె దిగబడి రెండోది నిలిస్తే కారు ఒక పక్కకు వాలుతుంది.

జాకీ ఎత్తుతుంది, నిలపదు

'ఇంత శ్రమ ఎందుకు? కారుతో పాటు జాకీ ఇస్తారు కదా!' అని మీరు అనవచ్చు. మర జాకీ కూడా వాలు తలమే సుమా! కాగితాన్ని త్రికోణంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు మరలాగా మెలికలు తిరుగుతుంది. మర అంటే కడ్డీకి చుట్టిన వాలు.

అయితే జాకీ మొత్తం బరువును చిన్న తల మీద, ఇరుకయిన పాదం మీద మోస్తుంది. కారు కొంచెం కదిలినా జాకీ ఒరిగిపోతుంది. అది పంక్చరయిన చక్రం విప్పి ఇంకోటి వేసేదాకా ఎత్తి పట్టుకోవడానికి చేసిన పనిముట్టు. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎవరూ, ఎంత చిన్న పనికయినా, ఒక్క నిమిషమయినా దూరకూడదు.

కొందరు ఇటుకలో, రాళ్లో, బోలు సిమెంటు దిమ్మెలో పెడతారు. ఇది ఇంకా ప్రమాదం. ఇటుక నొక్కుడుకు గట్టిదే. కానీ దాని ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక బరువంతా ఒకటి రెండు చోట్లే పడుతుంది. అక్కడ పగులు పుట్టి, రెప్పపాటులో అవతలికి పాకుతుంది. మంచి చెక్క మామూలుగా విరిగే ముందు వంగుతుంది, కిర్రుమంటుంది. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. కింద ఉన్న మనిషికి పక్కకు జరిగే వ్యవధి కూడా ఉండదు.

మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ ఎవరయినా కారు కింద పని చేయబోతుంటే ఈ మాటలు వాళ్లతో చెప్పండి:

చదునయిన గట్టి నేల చూసుకోవాలి. ముందు చక్రాలు ఎక్కాక కారును గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయాలి. నేల మీద ఉన్న వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. దూరే ముందు కారును పక్క నుంచి గట్టిగా ఊపి చూడాలి. ఏ మాత్రం కదలిక ఉన్నా కిందికి పోకూడదు. ఒంటరిగా పని చేయకూడదు. తీసిన పాత ఆయిల్‌ను మట్టిలో, మోరీలో పారబోయకూడదు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వాలి.

మరి మీరు? పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేదాకా కారు నడపకూడదు. కారు కిందికి దూరవద్దు. కానీ ఇందులో ఉన్న సైన్సునంతా బల్ల మీదే పరీక్షించవచ్చు.

చేసి చూడండి

1. మీటరు పొడవున్న పలక ఒకటి, బొమ్మకారు ఒకటి, స్ప్రింగ్ త్రాసు ఒకటి తీసుకోండి. రాళ్లు వేసి బొమ్మకారు బరువును మొత్తం ఒక కిలో చేయండి. పలక ఒక చివర కింద పుస్తకాలు పెట్టి 10 సెంటీమీటర్లు ఎత్తండి. కారును త్రాసుతో నెమ్మదిగా పైకి లాగండి. 100 గ్రాముల కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు 20, 30, 50 సెంటీమీటర్లు చేసి ప్రతిసారీ రాసుకోండి. లెక్కలో వచ్చిన అంకెకూ త్రాసు చూపిన అంకెకూ తేడా ఎంత? ఆ తేడాయే ఘర్షణ. త్రాసు లేకపోతే రబ్బరు బ్యాండు ఎంత సాగిందో స్కేలుతో కొలవండి.

2. పలక మీద చిన్న చెక్క ముక్క పెట్టి, అది జారేదాకా పలకను మెల్లగా ఎత్తండి. జారిన క్షణంలో ఎత్తును, నేల మీద పలక ఆక్రమించిన అడ్డు కొలతతో భాగించండి. వచ్చేది ఘర్షణ గుణకం. పొడి పలక మీద, తడి పలక మీద, నూనె రాసిన పలక మీద చేయండి. ఆయిల్ మరకలున్న నేల మీద దిమ్మె ఎందుకు జారుతుందో మీ కళ్లతో చూస్తారు.

3. ప్లాస్టిక్ స్కేలును రెండు పుస్తకాల నడుమ పడుకోబెట్టి మధ్యలో నొక్కండి. తరవాత అంచు మీద నిలబెట్టి నొక్కండి. మందం మహిమ వేలికే తెలుస్తుంది.

4. చివరగా, మీ బడి వరండా మెట్ల పక్కన చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలు ఉంటుంది, చూడండి. టేపుతో దాని ఎత్తునూ, నేల మీద దాని పొడవునూ కొలవండి. ఎత్తు ఒక వంతయితే పొడవు కనీసం పన్నెండు వంతులు ఉండాలన్నది నియమం. కారు ఇంజనుకు అయిదింతలు సరిపోతాయి. తన చేతులతో చక్రాలు తిప్పుకునే మీ తోటి విద్యార్థికి పన్నెండింతలు కావాలి. మీ బడి వాలు ఆ లెక్కకు తగ్గితే, మీ కొలతలు కాగితం మీద రాసి హెడ్మాస్టరు గారికి చూపించండి.